అనంతపురం గాలికి రోవాల్ ర్యాపిడ్ 51/60 ఆగుతుందా?

రోవాల్ ర్యాపిడ్ సీఎల్ఎక్స్ 2 అనే సైకిల్ చక్రాల జతలో ముందు రిమ్ లోతు (టైరు నుంచి ఊచల వైపుకున్న కొలత) 51 మిల్లీమీటర్లు, వెనకది 60. డిస్క్ బ్రేకులకే పనికొస్తుంది. కంపెనీ చెప్పే బరువు 1,520 గ్రాములు, ధర లక్షల్లో.

ముందు చక్రం హ్యాండిల్‌తో పాటు తిరుగుతుంది కాబట్టి పక్కగాలి దాన్ని తోస్తే ఆ తోపు నేరుగా చేతులకొస్తుంది. వెనకది ఫ్రేముకు బిగించి ఉంటుంది, హ్యాండిల్‌ను గుంజలేదు. అందుకే లోతు పెంచుకోవాలంటే వెనకే. ముందు 60, వెనక 50 వేసుకునే వాళ్లకో దండం.

అయితే ఈ జతలో అసలు పనితనం వెడల్పులో ఉంది. ముందు రిమ్ బయటి వెడల్పు 35, వెనకది 30.7. ముందుది మొద్దుగా ఉండటంతో విసురుగాలి గభాలున గుంజదు, మెల్లగా తెలుస్తుంది. 51 లోతున్న సన్నటి పాతకాలపు రిమ్ కంటే ఇది గాలికి చాలా కుదురుగా ఉంటుంది.

అయినా జూన్ నుంచి ఆగస్టు దాకా జాగ్రత్త. గాలి పడమటి నుంచి కొడుతుంది, 44వ జాతీయ రహదారేమో ఉత్తర దక్షిణాలుగా పోతుంది. దక్షిణాన పెనుకొండ వైపు వెళ్లేటప్పుడు మరీ చిక్కు. గాలికి ఆనుకుని కుడికి కాస్త ఒరిగి తొక్కుతుంటాం. కుడి పక్క నుంచి లారీ దాటుతూ గాలిని ఆపేస్తే సైకిల్ లారీ వైపే జరుగుతుంది, లారీ పోగానే మళ్లీ విసురు తగులుతుంది. ఉత్తరాన గుత్తి వైపు ఈ బాధ తక్కువ, లారీ గాలికి అడ్డం రాదు. పడమటికి పోయే కళ్యాణదుర్గం రోడ్డులో ఎక్కువగా ఎదురుగాలే, గాలిని చీల్చే లోతు రిమ్‌కు పెట్టిన డబ్బు అక్కడ గిట్టుతుంది.

అరవై కిలోల లోపు వాళ్లు గాలికాలంలో ముందుకు ఇదే కంపెనీ 33 లోతున్న ఆల్పినిస్ట్ చక్రం వేసుకుని, వెనక 60 అలాగే ఉంచుకోవచ్చు. వేగంలో పోయేది కొంచెమే, చేతులకు మాత్రం హాయి.

టైరు 28 మిల్లీమీటర్ల వెడల్పుది చాలు. గాలి సాఫీగా జారాలంటే రిమ్ టైరు కంటే కనీసం 5 శాతం వెడల్పుండాలన్నది పాత లెక్క. 28కి 29.4 కావాలి, రెండు రిమ్ములూ సరిపోతాయి. 32 వేస్తే 33.6 కావాలి, వెనకది చాలదు. టైరు మీద రాసిన అంకె నమ్మకుండా గాలి కొట్టాక వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి.

వాల్వు ముందుకు 70, వెనక్కు 80 మిల్లీమీటర్లది తీసుకోండి, పొట్టిదైతే పంపు అందదు. కంపముళ్లున్న రోడ్లు కాబట్టి ట్యూబ్‌లెస్సే మేలు. చక్రానికి 40 మిల్లీలీటర్ల సీలెంట్ (చిల్లులు పూడ్చే ద్రవం) పోయండి. మన ఎండకు అది తొందరగా ఎండిపోతుంది, వేసవిలో నెలకోసారి చూసి తగ్గినంత పోయాలి.