బెజవాడ జంక్షన్‌లో ఐదారు గంటలు: చంటిపిల్లలతో ఎటు వెళ్లొచ్చు, ఎటు వద్దు

ఒక రైలు దిగి ఇంకో రైలు ఎక్కేలోపు బెజవాడలో ఐదారు గంటలు చేతిలో ఉంటే దుర్గమ్మ దర్శనం, భవానీ ద్వీపం, ఉండవల్లి గుహలు మూడూ చుట్టేద్దామనిపిస్తుంది. పెద్దవాళ్లే అయితే ఏదో పడతారు. వెంట ఆరేళ్లలోపు పిల్లలుంటే మాత్రం ఒక్కటి పెట్టుకోండి చాలు. టైము లెక్క చివరి నుంచి వెనక్కి వేసుకోవాలి. రైలు సాయంత్రం నాలుగింటికి అనుకుంటే మూడున్నరకల్లా ప్లాట్‌ఫారం మీద ఉండాలి. సామాను విడిపించుకోవడం, పిల్లల్ని బాత్రూంకి తీసుకెళ్లడం, నీళ్లు కొనుక్కోవడం కలిపి అరగంట తక్కువ పట్టదు. అంటే మూడింటికి స్టేషన్‌లో అడుగుపెట్టాలి. ఉదయం పదింటికి దిగితే మొహాలు కడగడం, టిఫిన్లు పోను బయట తిరగడానికి నికరంగా మిగిలేది మూడున్నర గంటలే.

ముందు సామాను సంగతి. క్లోక్ రూమ్‌లో పెట్టాలంటే రైలు టికెట్ చూపించాలి, ప్రతి బ్యాగుకీ తాళం ఉండాలి. చిన్న తాళం లేక అక్కడిదాకా వెళ్లి వెనక్కొచ్చేవాళ్లు ఎక్కువ. ఇంటి దగ్గరే బ్యాగులకి చిన్న తాళాలు వేసుకుని బయల్దేరండి. తినే వస్తువులు అందులో వదలకండి. పాలసీసా, డైపర్లు, ఒక జత బట్టలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు చేతిసంచిలోకి మార్చుకున్నాకే బ్యాగులు అప్పగించండి. రసీదు ఒకరి జేబులోనే ఉండాలి, ఫోన్‌లో దానికో ఫోటో కూడా. ఏడాదిలోపు బిడ్డ ఉంటే ఊరు చూడటం పక్కనపెట్టి, పీఎన్ఆర్ నంబరుతో ముందే రిటైరింగ్ రూమ్ (స్టేషన్‌లోనే ఉండే విశ్రాంతి గది) బుక్ చేసుకోవడం మేలు. స్నానం, కునుకు, పాలు అన్నీ అక్కడే సర్దుకుంటాయి. దిగాక అడిగితే మాత్రం గది దొరకడం కష్టం.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, చేతిలో ఆరు గంటలుంటే, మా ఓటు భవానీ ద్వీపానికే. 133 ఎకరాల లంక. బండ్లు తిరగవు కాబట్టి పిల్లల్ని చెయ్యి వదిలి పరిగెత్తనివ్వొచ్చు. ఊళ్లో అలాంటి చోటు ఇంకోటి లేదు. భవానీపురంలోని పున్నమి ఘాట్ నుంచి టూరిజం వాళ్ల బోట్లు వెళ్తాయి. స్టేషన్ నుంచి ఘాట్‌కి ఆటోలో మామూలు రోజున ఇరవై నిమిషాలు. శుక్రవారం, ఆదివారం దుర్గమ్మ కొండ కింద రద్దీ వల్ల అది రెట్టింపు అనుకోండి. వారం మధ్యలో బోటు సరిపడా జనం పోగయ్యేదాకా కదలకపోవచ్చు. అందుకని అటు బోటు ఎప్పుడని కాకుండా తిరుగు బోటు ఎన్నింటికి అని టికెట్ కొనకముందే అడగండి. సూటిగా జవాబు రాకపోతే ఆ రోజుకి మానుకోవడమే. లైఫ్ జాకెట్ పిల్లల సైజుది అడిగి తీసుకోండి. పెద్దవాళ్లది తొడిగితే నీళ్లలో పడ్డప్పుడు భుజాల మీదుగా పైకి జారిపోతుంది. కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉంటే అదీ బిగించాలి. 2017 నవంబరులో పవిత్ర సంగమం దగ్గర బోటు తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు. తక్కువకి తీసుకెళ్తామని ఒడ్డున పిలిచే ప్రైవేటు పడవ జోలికి వెళ్లకండి.

వానాకాలంలో ఈ ప్లానే వద్దు. ఎగువన పులిచింతల డ్యామ్ నుంచి నీళ్లు వదిలితే ప్రకాశం బ్యారేజీ 70 గేట్లలో కొన్నో అన్నో ఎత్తుతారు, బోట్లు ఆపేస్తారు. బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 3.97 లక్షల క్యూసెక్కులకి ఇస్తారు గానీ బోట్లు ఆగడానికి అంత వరద అక్కర్లేదు. 2024 సెప్టెంబరు మొదట్లో 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకే మునిగింది. ముందురోజు రాత్రి వార్తల్లో బ్యారేజీ గేట్ల మాట వినిపించిందంటే ఘాట్ దాకా ఆటో ఖర్చు దండగ.

నాలుగు గంటలే ఉంటే గాంధీ కొండ. స్టేషన్‌కి తారాపేట వైపు ఆనుకునే ఉంటుంది కాబట్టి ట్రాఫిక్ భయం లేదు. పైన 52 అడుగుల గాంధీ స్తూపం ఉంది, 1968లో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ ప్రారంభించారు. పిల్లలకి దాంతో పనిలేదు, కింద జంక్షన్‌లో వచ్చిపోయే రైళ్లని చూడటమే వాళ్లకి పండగ. బొమ్మరైలు, ప్లానెటేరియం ఆ రోజు నడుస్తున్నాయో లేదో కిందే కనుక్కోండి. పైకెక్కాక లేదంటే ఏడుపు ఆపడం మీ తరం కాదు.

ఉండవల్లి గుహలకి బ్యారేజీ మీదుగానే దారి. పదిహేనేళ్లలోపు పిల్లలకి టికెట్ లేదు. నాలుగంతస్తుల కొండగుహ, ఏకశిలలో పడుకున్న అనంతపద్మనాభుడు బడికెళ్లే పిల్లలకి బాగా నచ్చుతాయి. మూడేళ్లవాళ్లతో వద్దు. మెట్లు నిటారుగా ఉంటాయి, ఒకర్ని ఎత్తుకుని ఎక్కాలి.

దుర్గమ్మ గుడికి వెళ్లాలనే ఉంటే మామూలు వారం పొద్దున్నే. దసరా పది రోజుల్లో, అందులోనూ మూలా నక్షత్రం నాడు, చంటిపిల్లతో ఆ క్యూలో నిలబడే సాహసం చేయకండి. ఆ రోజుల్లో వన్ టౌన్ వైపు ఆటోలే సరిగ్గా తిరగవు, తిరిగి స్టేషన్ చేరడమే గగనం.

ఏప్రిల్, మే నెలల్లో పదకొండు దాటాక బయట ఏదీ పనికిరాదు. బందరు రోడ్డులో బాపు మ్యూజియం ఉంది, అల్లూరు బుద్ధుడి నిలువెత్తు విగ్రహం అక్కడే. అది మూసి ఉంటే అదే రోడ్డులో పీవీపీ మాల్ ఏసీలో రెండు గంటలు గడిపేయడంలో తప్పేం లేదు. తిండికి గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్ ఇడ్లీ, వెన్న అడగండి. కారప్పొడి పిల్లల ప్లేటులో వేయొద్దని ముందే చెప్పండి. కొండపల్లి బొమ్మ కొంటే తెల్లపొణికి చెక్క తేలికైనది, చేతులూ కాళ్లూ విడిగా చేసి మక్కుతో (చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన ముద్ద) అతికిస్తారని గుర్తుంచుకోండి. అన్నీ నోట్లో పెట్టుకునే వయసు పిల్లకి అది ఆడుకునే వస్తువు కాదు, అల్మారాలో పెట్టేది.

తిరిగొచ్చాక ప్లాట్‌ఫారం బోర్డు చూడకుండా మెట్లెక్కకండి. ఇక్కడ పది ప్లాట్‌ఫారాలు. పిల్లని ఎత్తుకుని ఒకటో దాని నుంచి పదో దానికి పరుగంటే ప్రాణం పోతుంది, లిఫ్ట్ ఎక్కడుందో పొద్దున దిగినప్పుడే చూసిపెట్టుకోండి. కాజీపేట మీదుగా వచ్చి ఇక్కడ ఆగి విశాఖ వెళ్లే బండ్లకి బెజవాడలో ఇంజను అటు చివర నుంచి ఇటు చివరకి మారుతుంది. ‘ఇంజను నుంచి ఐదోది’ అని ఎవరైనా చెబితే నమ్మకుండా కోచ్ నంబరు చూపించే డిస్‌ప్లే కిందే నిలబడండి.