అంబాసిడర్ ఇంజన్‌కి కంప్రెషన్ పెంచాలా? 7.2, 8.7, 10లో ఏది మేలు?

పాత 1489 సీసీ ఓహెచ్‌వీ (వాల్వులు హెడ్‌లో ఉండే) అంబాసిడర్ ఇంజన్ విప్పి బోరింగ్‌కి (అరిగిన సిలిండర్లు పెద్దవి చేయించడానికి) పంపే ప్రతిసారీ ఈ ప్రశ్న వస్తుంది: ఎలాగూ హెడ్ దిగింది కదా, కాస్త కోయించి కంప్రెషన్ (సిలిండర్‌లోకి వచ్చిన మిశ్రమాన్ని పిస్టన్ ఎన్ని రెట్లు కుదిస్తుందనే నిష్పత్తి) పెంచేద్దామా? లో కంప్రెషన్ ఇంజన్ 7.2 దగ్గర ఉందనుకుందాం. అక్కడే వదిలేయొచ్చు, 8.7కి తేవచ్చు, 10కి ఎక్కించొచ్చు. రోజూ రోడ్డెక్కే బండికి మా ఓటు 8.7కే.

ముందు ఒక అపోహ వదిలించుకోవాలి. పెట్రోలుకి చెప్పే ఆక్టేన్ అంటే బలం కాదు. ప్లగ్ దగ్గర మొదలైన మంట చాంబర్ మూలమూలకీ చేరేలోపు, చివర మిగిలిన మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తనంతట తాను పేలకుండా ఎంతవరకు ఆగుతుందో చెప్పే అంకె అది. అలా పేలితే వినపడే టకటకే నాకింగ్. 7.2 ఇంజన్‌లో 91 ఆక్టేన్ పెట్రోలే చక్కగా ఆగుతుంది. అందులో ఎక్స్‌పీ100 (100 ఆక్టేన్ ఖరీదైన పెట్రోలు) పోస్తే జేబుకు చిల్లు తప్ప ఇంజన్‌కి ఒరిగేదేమీ లేదు.

ఇంకో తికమక అమెరికా వీడియోలతో వస్తుంది. అక్కడి పంపు మీద రాసేది రెండు పరీక్షల సగటు, మన దగ్గర రాసేది వాటిలో ఒకటైన రాన్ (రీసెర్చ్ ఆక్టేన్ నంబర్) ఒక్కటే. వాళ్ల 91 అంటే సుమారుగా మన 95. "తొమ్మిదిన్నర కంప్రెషన్‌కి 91 చాలు" అన్న సలహా విని మన బంకులో 91 కొట్టిస్తే పిస్టన్లు పోతాయి.

ఇక లెక్క. బోరు (సిలిండర్ వ్యాసం) 73.025 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 88.9. అంటే ఒక్కో సిలిండర్ 372.3 సీసీ. పిస్టన్ పైకి వచ్చాక మిగిలే చోటు 7.2కి 60 సీసీ, 8.7కి 48.4, 10కి 41.4. ఇంజన్‌కి ఒకసారి 40 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు 40) బోరింగ్ అయి ఉంటే ఏమీ చేయకుండానే 7.2 కాస్తా 7.4 దగ్గరికి వచ్చేసి ఉంటుంది, అదీ లెక్కలో వేసుకోండి.

లాభం ఎంత? ఆదర్శ ఒట్టో సైకిల్ (పెట్రోల్ ఇంజన్‌కి పుస్తకాల్లో వాడే నమూనా) లెక్కలో 7.2 నుంచి 8.7కి వెళ్తే సామర్థ్యం 6 శాతం పెరుగుతుంది. అక్కడి నుంచి 10కి వెళ్తే వచ్చేది ఇంకో 4 శాతమే. రోడ్డు మీద రెండూ ఇంతకన్నా తక్కువే. ఆ రెండో మెట్టుకి కట్టాల్సిన మూల్యం మాత్రం చాలా పెద్దది. ఇనప హెడ్, రెండు సిలిండర్లకు ఒకటే ఇన్‌లెట్ పోర్టు, మధ్య రెండు సిలిండర్లకు కలిపి ఒకటే ఎగ్జాస్ట్ పోర్టు, క్రాంకుకి మూడే మెయిన్ బేరింగులు: ఎక్కువ వేడికీ ఒత్తిడికీ కట్టిన ఇంజన్ కాదిది. ఈ ఇంజన్‌ని 10 మీద నమ్మకంగా నడపాలంటే ట్యాంకులో ఎప్పుడూ 97 పైన పెట్రోలు ఉండాలి. హైదరాబాద్‌లో వెతికితే దొరుకుతుంది. విశాఖ నుంచి అరకు ఘాట్ ఎక్కేటప్పుడు, లేదా మే నెల ఎండలో రెంటచింతల వైపు వెళ్తూ ట్యాంకు ఖాళీ అయితే? అక్కడ దొరికేదే పోయించుకోవాలి. కంప్రెషన్ ఎంచుకోవాల్సింది దారిలో దొరికే అతి తక్కువ ఆక్టేన్‌ని బట్టి. 8.7లో ఎప్పుడూ 95 పోయండి. ఎక్కడైనా 91తో నెట్టుకురావాల్సి వస్తే నిప్పురవ్వ కాస్త ఆలస్యంగా పడేలా డిస్ట్రిబ్యూటర్‌ని మూడు నాలుగు డిగ్రీలు వెనక్కి తిప్పి, టాప్ గేరులో లాగించకుండా గేరు తగ్గించి నడిపితే సరిపోతుంది.

8.7కి చేరాలంటే 11.6 సీసీ తగ్గించాలి. హెడ్ కోతతోనే అంతా రాదు. చాంబర్ నోరు 30 చదరపు సెంటీమీటర్లు ఉంటే ఒక మిల్లీమీటరు కోతకి తగ్గేది 3 సీసీ. ఒకటిన్నర మిల్లీమీటరు దాటి కోయించొద్దు, హెడ్ పలచబడి గాస్కెట్ కొట్టేస్తుంది. మిగతాది పిస్టన్‌తో తేవాలి: తల మీద గుంట ఉన్న పిస్టన్లు తీసి చదునైనవి వేయండి.

లేత్ షాపు మాట మీద వదిలేయకుండా స్వయంగా కొలవండి. వాల్వులు, ప్లగ్ బిగించి హెడ్ తిరగేసి, చాంబర్ అంచుకి గ్రీజు రాసి, చిన్న కన్నం పెట్టిన యాక్రిలిక్ పలక అతికించండి. 50 మిల్లీలీటర్ల సిరంజితో కిరోసిన్ పోయండి. చివరి గాలి బుడగ కన్నం దగ్గరికి వచ్చి పోయే క్షణంలో ఆగితే అదే కొలత. దానికి గాస్కెట్ మందం వల్ల మిగిలే చోటు, పిస్టన్ బ్లాకు అంచుకి ఎంత కింద ఆగిందో ఆ చోటు, పిస్టన్ గుంట కలపాలి. పిస్టన్ అర మిల్లీమీటరు కింద ఆగితే 2.1 సీసీ. నాలుగు చాంబర్ల మధ్య తేడా అర సీసీ లోపే ఉండాలి. హెడ్ కోశాక పుష్‌రాడ్‌లు (వాల్వులను కదిలించే కడ్డీలు) పొడుగైనట్టే, రాకర్ పెడస్టల్స్ (ఆ కడ్డీల పైన ఉండే రాకర్ల దిమ్మెలు) కింద షిమ్‌లు (పలచటి రేకులు) వేయండి. హెడ్ దిగి ఉండగానే ఎగ్జాస్ట్ వాల్వులకి గట్టి సీట్లు కొట్టించేయండి. 2000 ఫిబ్రవరి నుంచి పెట్రోల్లో సీసం లేదు, పాత ఇనప సీటు అరిగి టాపెట్ గ్యాప్ మూసుకుపోతుంది.

టైమింగ్ (ప్లగ్‌లో నిప్పురవ్వ పడే సమయం) పాత లెక్కకి వదిలేస్తే చేసిందంతా వృథా. మొత్తం అడ్వాన్స్ (పిస్టన్ పైకి చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు రవ్వ పడుతుందో ఆ లెక్క) 28 డిగ్రీలతో మొదలుపెట్టి, రెండేసి డిగ్రీలు పెంచుతూ, బరువుతో మూడో గేరులో మెట్ట ఎక్కించి వినండి. ఇంజన్ మోతలో సన్నటి నాకింగ్ వినపడకపోవచ్చు, కాబట్టి ప్లగ్ తీసి చూడండి. తెల్లటి పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లచుక్కలుంటే నాకింగ్ మొదలైంది. వాటి మధ్య వెండి మెరుపులు కనిపిస్తే పిస్టన్ అల్యూమినియం కరుగుతోంది, బండి అక్కడే ఆపేయాలి.

ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) వచ్చాక ఇథనాల్ ఆక్టేన్ పెంచుతుందన్నది నిజమే, కానీ కార్బొరేటర్‌కి అది సగమే మంచి వార్త. పాత జెట్‌తో మిశ్రమం ఏడెనిమిది శాతం పలచబడుతుంది. పలచటి మిశ్రమం వేడెక్కి మళ్లీ నాకింగే తెస్తుంది. కార్బొరేటర్ ఎస్‌యూ కంపెనీది అయితే జెట్ నట్టు కిందికి తిప్పండి, సోలెక్స్ అయితే మెయిన్ జెట్ పెద్దది వేయండి. పంపు డయాఫ్రమ్, రబ్బరు గొట్టాలు ఇథనాల్‌కి ఆగేవే ఉండాలి.

ఆక్టేన్ బూస్టర్ సీసా మీద "30 పాయింట్లు" అని ఉంటే అది 3 ఆక్టేన్ అంకెలని మాత్రమే అర్థం. 10 ఇంజన్‌లో 91 పోసి ఆ సీసా కలిపినా 94 దాటదు.