లోటు బడ్జెట్ మేలా, కీడా? 2008, 2020 లెక్కలు ఏం చెబుతున్నాయి

ప్రభుత్వం రాబడికి మించి ఖర్చు చేసి, ఆ తేడాను అప్పుతో పూడ్చుకోవడం దేశానికి మేలా కీడా అన్న ప్రశ్నకు సిద్ధాంతాలలో కంటే మన బడ్జెట్లలోనే తేటైన సమాధానం దొరుకుతుంది. 2008లోనూ, 2020లోనూ కేంద్రం ఈ తేడాను, అంటే ద్రవ్యలోటును, ఒక్కసారిగా పెంచింది. రెండుసార్లూ ఎదురుగా పెద్ద విపత్తే ఉంది. ఫలితాలు మాత్రం ఒకటి కావు.

2007-08లో ద్రవ్యలోటు జీడీపీలో (దేశ స్థూల ఉత్పత్తిలో) సుమారు 2.5 శాతం. అంటే ప్రభుత్వ అప్పులకు, లోటుకు కళ్లెం వేసే 2003 నాటి ఎఫ్‌ఆర్‌బీఎం చట్టం కోరిన 3 శాతం హద్దు లోపలే ఉంది. రెండేళ్లలో అది 6.5 శాతానికి చేరింది. అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ కూలి ప్రపంచ ఆర్థిక సంక్షోభం ముదిరిన తర్వాత ఎక్సైజు సుంకాలు తగ్గించిన మాట నిజమే కానీ, రైతు రుణమాఫీ, కేంద్ర ఉద్యోగుల జీతాలపై ఆరో వేతన సంఘం సిఫారసులు వంటి పెద్ద పద్దులు అంతకుముందే ఖాయమయ్యాయి. ఈ ఖర్చు జనం చేతిలో డబ్బు పెట్టి గిరాకీని నిలబెట్టింది, వృద్ధి త్వరగానే కోలుకుంది. మాఫీ పొందిన రైతుకు అది ఎంత ఊరటో తెలిసినవారెవరూ దాన్ని తీసిపారేయలేరు.

చిక్కు ఆ తర్వాత వచ్చింది. వృద్ధి కోలుకున్నా లోటు దిగిరాలేదు. 2011-12లోనూ 6 శాతం దరిదాపుల్లోనే ఉంది. ఉత్పత్తి ఆ మేరకు పెరగకుండా గిరాకీ మాత్రమే పెరగడంతో ధరల మంటకు అదీ ఒక కారణమైంది. అప్పటి రిజర్వు బ్యాంకు గవర్నరు దువ్వూరి సుబ్బారావు హయాంలో 2010 మార్చి నుంచి 2011 అక్టోబరు వరకు వడ్డీరేట్లను పదేపదే పెంచాల్సి వచ్చింది. ప్రభుత్వం ఒక చేత్తో గిరాకీని పెంచుతుంటే కేంద్ర బ్యాంకు మరో చేత్తో దాన్ని అణచింది; మధ్యలో వడ్డీ భారం మోసినవారు చిన్న పరిశ్రమలవారు, ఇంటి రుణం తీసుకున్నవారు. 2012-13లో కరెంటు ఖాతా లోటు (దిగుమతుల వంటి వాటికి విదేశాలకు చెల్లించేది, అక్కడి నుంచి వచ్చే రాబడిని మించిన మేర) జీడీపీలో 4.8 శాతానికి చేరింది, 2013 ఆగస్టులో డాలరు 68 రూపాయలు దాటింది.

కరోనా విరుచుకుపడిన 2020-21లో లోటు 9.2 శాతం. అంకె ఒక్కటే చూస్తే ఇది 2008 కన్నా ఘోరం. అయితే ఆ అంకెలో కొంత నిజాయితీ కూడా ఉంది: అంతకుముందు భారత ఆహార సంస్థ పేరిట బడ్జెట్ బయట దాచిన సబ్సిడీ అప్పులను ఆ ఏడాదే లెక్కలోకి తెచ్చారు. ఉచిత బియ్యం, ఉపాధి హామీ వంటి ఖర్చులు ఆ రోజుల్లో తప్పనివి. లోటుకు భయపడి వాటిని ఆపి ఉంటే ఆకలి చావులు చూడాల్సి వచ్చేది. ఆపైన లోటు ఏటా తగ్గుతూ 2024-25కి 4.8 శాతానికి వచ్చింది. అదే కాలంలో మూలధన వ్యయం, అంటే రహదారుల వంటి ఆస్తుల కోసం చేసే ఖర్చు, 2019-20లోని 3.36 లక్షల కోట్ల నుంచి 2023-24లో సుమారు 9.5 లక్షల కోట్లకు పెరిగింది. రహదారులకు, రైలు మార్గాలకు పెట్టిన అప్పు రేపటి రాబడికి దారి వేస్తుంది. జీతాలకు, పాత వడ్డీలకు చేసిన అప్పు అలా వేయదు. అందుకే నా తూకంలో 2020 తర్వాతి బాటే మేలు.

మరి లోటును కఠినంగా కోసేయడం? 1991లో 47 టన్నుల బంగారాన్ని విదేశాల్లో కుదువపెట్టాక పి.వి. నరసింహారావు ప్రభుత్వానికి వేరే దారి లేదు. కానీ కోత పడినప్పుడు జీతాలు, వడ్డీలు కదలవు, కొత్త పనులే ఆగిపోతాయి. 1990ల్లో జరిగిందీ ఇదే: లోటు తగ్గింపు భారం మూలధన వ్యయంపైనే ఎక్కువగా పడింది. ఒక్క అంకె కోసం చేసే పొదుపులో ఉన్న ప్రమాదం ఇది.

అలాగని నేటి పరిస్థితి నిశ్చింతగా లేదు. 2025-26 బడ్జెట్ అంచనాల్లో వడ్డీలకే 12.76 లక్షల కోట్లు కేటాయించారు. పన్నులు తదితరాల నుంచి వచ్చే రెవెన్యూ రాబడి అంచనా 34.20 లక్షల కోట్లు కాబట్టి ప్రతి రూపాయిలో 37 పైసలు వడ్డీకే పోతాయి, మూలధన వ్యయానికి కేటాయించిన 11.21 లక్షల కోట్ల కన్నా ఇది ఎక్కువ. మంచి పనికి చేసిన అప్పుకైనా వడ్డీ కట్టక తప్పదు.

ఇక్కడ నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించేది 2018 నాటి సవరణ. ఎఫ్‌ఆర్‌బీఎం చట్టం మొదట్లో రెవెన్యూ లోటును, అంటే జీతాలు, వడ్డీల వంటి రోజువారీ ఖర్చు రెవెన్యూ రాబడిని మించిన మేరను, పూర్తిగా తొలగించమంది. ఆ సవరణ ఆ లక్ష్యాన్నే తీసివేసింది. 2031 మార్చి నాటికి కేంద్ర రుణాన్ని జీడీపీలో 50 శాతం దగ్గరకు తెస్తామన్న ఇప్పటి లక్ష్యమూ అప్పు మొత్తాన్నే కొలుస్తుంది తప్ప, అది ఎందుకు చేశారో అడగదు. 2025-26 అంచనాల్లోనూ రెవెన్యూ లోటు జీడీపీలో 1.5 శాతం ఉంది. ఏ ఏడాది ఎంత అప్పు చేసినా, విపత్తు లేని కాలంలో రోజువారీ ఖర్చుకు మాత్రం అప్పు చేయకూడదన్న నిబంధనను తిరిగి చట్టంలో చేర్చాలి.