ఎలక్ట్రిక్ కారుతో 4 ఏళ్లు, 62,000 కిలోమీటర్లు

చాలా ఏళ్లు పెట్రోలు కారు నడిపి, దాన్ని అమ్మేసి ఎలక్ట్రిక్ కారు కొన్నాను. దాని నిశ్శబ్దం, పికప్ మొదటి రోజు ఎంత నచ్చాయో ఇప్పటికీ అంతే నచ్చుతున్నాయి. వాటి గురించి అందరూ చెబుతారు కాబట్టి మిగతా సంగతులు రాస్తాను.

నా కారు బ్యాటరీ 40 కిలోవాట్ అవర్లది, అంటే కరెంటు బిల్లు లెక్కలో 40 యూనిట్లు. ఒక లీటరు పెట్రోలులో దాదాపు 9 కిలోవాట్ అవర్ల శక్తి ఉంటుంది. అంటే నేను వెంట తీసుకెళ్లేది నాలుగున్నర లీటర్ల పెట్రోలుకు సరిపడే శక్తి మాత్రమే. అంత కొంచెంతో ఊళ్లో 260 కిలోమీటర్లు తిరిగేవాణ్ణి. పెట్రోలు ఇంజన్ తాగిన ఇంధనంలో నాలుగింట మూడు వంతుల దాకా వేడి రూపంలోనే పోతుంది, మోటారులో పోయేది చాలా తక్కువ. ఈ లెక్క తెలిశాకే ఈ బండి స్వభావం నాకు అర్థమైంది. నిల్వ తక్కువ కాబట్టి కాస్త దుబారా చేసినా తెలిసిపోతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగాన్ని 110కి పెంచితే గాలి నిరోధం దాదాపు రెట్టింపవుతుంది. పాత కారులోనూ అదే జరిగేది, కానీ ఎన్నడూ పట్టించుకోలేదు. ఇందులో హైవే ఎక్కి అలా పరుగెత్తిస్తే 190 కిలోమీటర్లకే ఛార్జింగ్ అయిపోతుంది. చలిలో ఇంకా తగ్గుతుంది. నాలుగేళ్ల తర్వాత ఊళ్లో 260 వచ్చేది 240 వస్తోంది. ఇంత వాడకానికి ఆ తరుగుదల నాకు ఎక్కువనిపించలేదు.

యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే మోటారు జనరేటర్‌గా మారి బండిని నెమ్మదింపజేస్తూ బ్యాటరీని నింపుతుంది. కొండ దిగేటప్పుడు ఛార్జింగ్ శాతం పెరగడం చూస్తే నాకు ఇప్పటికీ సంబరమే. బ్రేకు ప్యాడ్లు కొన్ననాటివే ఉన్నాయి. అయితే బ్రేకు వాడకం తగ్గితే డిస్కులు తుప్పు పడతాయి, అందుకే అప్పుడప్పుడూ కావాలనే గట్టిగా తొక్కుతాను. ఇంజన్ ఆయిల్ మార్చే పని లేదు. టైర్ల విషయంలో మాత్రం నిరాశపడ్డాను. బండి బరువు, ఒక్కసారిగా వచ్చే టార్క్ (చక్రాలను తిప్పే బలం) వల్ల 35,000 కిలోమీటర్లకే నాలుగూ మార్చాల్సి వచ్చింది.

మూడో ఏట ఒక ఉదయం కారు ఎంతకీ స్టార్ట్ కాలేదు. పెద్ద బ్యాటరీలో 70 శాతం ఛార్జింగ్ ఉంది. ఆ పెద్ద బ్యాటరీని బండికి కలిపే స్విచ్చులు పనిచేయాలంటే 12 వోల్టుల చిన్న బ్యాటరీ బాగుండాలి, పాడైంది అదే. ఇది కొనేటప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే ముందుగానే మార్పించేవాణ్ణి. మీరు మాత్రం గుర్తుంచుకోండి.

ఇక ఛార్జింగ్. రాత్రి ఇంట్లో ప్లగ్ పెడితే తెల్లవారేసరికి 80 శాతం ఉంటుంది, దూరం వెళ్లే ముందు రోజే 100 దాకా పెడతాను. బంకు ముందు నిలబడడం నేను పూర్తిగా మరిచిపోయాను. దూర ప్రయాణం మాత్రం వేరు. ఫాస్ట్ ఛార్జర్ కూడా 80 శాతం దాటాక బాగా నెమ్మదిస్తుంది, కాబట్టి అక్కడితో ఆపి బయలుదేరడమే మేలు. ఒక రాత్రి నేను నమ్ముకున్న ఛార్జర్ పనిచేయలేదు. యాప్‌లో పనిచేస్తున్నట్టే చూపించింది. వెనక సీట్లో పిల్లలు నిద్రపోతున్నారు, చేతిలో 9 శాతం ఉంది. ఏసీ ఆపేసి, 50 దాటకుండా నడిపి తర్వాతి ఛార్జర్‌కు చేరాం. అప్పటి నుంచి 25 శాతం మిగిలేలా చూసుకునే ఆగుతున్నాను.

మా చెల్లెలు తనూ కొంటానంది. తన అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ప్లగ్ లేదు. పబ్లిక్ ఛార్జర్ల మీదే ఆధారపడితే ఈ బండిలో నేను ఇష్టపడే సుఖంలో సగం కూడా తనకు దక్కదు, అందుకే ఇప్పుడే వద్దన్నాను. నాలుగేళ్లుగా నువ్వు మెచ్చుకుంటున్న బండే కదా అని కోప్పడింది. ముందు ప్లగ్‌కు అనుమతి తెచ్చుకో, కారు ఎంచుకోవడానికి నేనే వస్తానన్నాను. పోయిన వారం దరఖాస్తు ఇచ్చింది.