స్వీడన్ శీతాకాలపు తీరంలో ఫ్యూజీఫిల్మ్ ఎక్స్-టీ3: దీర్ఘకాల వాడకం తర్వాత సమీక్ష

గోథెన్‌బర్గ్ నుంచి ఉత్తరంగా నార్వే సరిహద్దు వరకు సాగే బోహుస్లేన్ తీరంలోనూ, దానికి తూర్పున ఉన్న దాల్స్‌లాండ్ పల్లెల్లోనూ కొన్ని శీతాకాలాలుగా నేను ఫ్యూజీఫిల్మ్ ఎక్స్-టీ3 కెమెరాను, దానికి 16-55 మిల్లీమీటర్ల ఎఫ్2.8 లెన్సును అమర్చి వాడుతున్నాను. 2018లో విడుదలైన ఈ కెమెరా మీద సాధారణ సమీక్షలు ఎన్నో ఉన్నాయి కాబట్టి, దాని 26 మెగాపిక్సెళ్ల సెన్సరును మళ్లీ వర్ణించను. చలి, ఉప్పునీరు, చాలీచాలని వెలుతురు ఒక్కచోట కలిసినప్పుడు ఇది ఎంతవరకు ఆదుకుంటుందన్నదే ఇక్కడి విషయం.

నా దృష్టిలో దీని అసలు బలం పైభాగంలోని డయళ్లు. ఎడమవైపు ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సరు స్పందించే స్థాయి), కుడివైపు షట్టర్ వేగం, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా లెక్కకన్నా చిత్రాన్ని వెలుగుగానో చీకటిగానో చేసే సవరణ), లెన్సు మీద వెలుతురు వచ్చే రంధ్రాన్ని మార్చే ఎపర్చర్ రింగు ఉండడం వల్ల, కెమెరా ఆన్ చేయకముందే ఏది ఎక్కడ ఉందో కంటికి కనిపిస్తుంది. చేతి తొడుగులు తీయకుండానే వాటిని తిప్పవచ్చు. లైసెకిల్ పట్టణం చివర స్టాంగెహువుద్ బండల మీద పడమటి గాలికి ఎదురుగా నిలబడితే, తొడుగు తీసిన చేతి వేళ్లు చూస్తుండగానే మొద్దుబారిపోతాయి. అటువంటప్పుడు మెనూల్లో దాగిన సౌకర్యం ఎంత గొప్పదైనా లేనట్టే. వెనుకవైపు ఉన్న చిన్న మీటలు మాత్రం మందపాటి తొడుగులకు అందవు కాబట్టి, వాటితో మార్చవలసినవన్నీ ఇంటి దగ్గరే సరిచేసుకుని బయలుదేరడం మేలు.

డిసెంబరు చివరి వారాల్లో ఇక్కడ పగలు సుమారు ఆరున్నర గంటలే ఉంటుంది. మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దిగంతానికి తొమ్మిది డిగ్రీలకు మించి పైకి రాడు. తక్కువ పగలని నిరుత్సాహపడేవారికి నేను చెప్పేది ఒక్కటే: ఆ కొద్ది పగలంతా ఏటవాలు వెలుతురే. బోహుస్లేన్ గులాబీ రంగు గ్రానైటు మీద హిమానీనదాలు గీసిన గాట్లు వేసవి మధ్యాహ్నంలో కనిపించవు, చలికాలపు మధ్యాహ్నంలో స్పష్టంగా కనిపిస్తాయి. సూర్యుడు ఏటవాలుగా కుంగడం వల్ల సంధ్యా సమయం కూడా చాలాసేపు నిలుస్తుంది. సాధారణ పరిధిలో కనీసమైన ఐఎస్ఓ 160 దగ్గర, అర సెకను నుంచి ఒక సెకను వరకు షట్టర్ తెరిచి ఉంచితే బండల మీది నుంచి వెనుదిరిగే నీటి జాడ చిత్రంలో చక్కగా నిలుస్తుంది.

మంచు కప్పిన పొలాల సంగతి వేరు. తెల్లని దృశ్యాన్ని కెమెరాలోని వెలుతురు కొలిచే మీటరు బూడిద రంగుకు దించుతుంది కాబట్టి, ఒకటి నుంచి ఒకటిన్నర స్టాపుల వరకు (ఒక స్టాపు అంటే రెట్టింపు వెలుతురు) ఎక్కువ వెలుతురు ఇవ్వాలి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ డయలు సరిగ్గా బొటనవేలి కింద ఉండడం, ఫలితం హిస్టోగ్రామ్‌తో (వెలుగునీడల పంపకాన్ని చూపే గ్రాఫుతో) సహా వ్యూఫైండరులోనే కనిపించడం నాకు ఎంతో ఉపకరించాయి. స్వీడన్‌లోని ఫాలున్ రాగి గని నుంచి వచ్చే వర్ణకంతో ఎర్రరంగు వేసిన పల్లె ఇళ్లు, ఎక్స్‌పోజర్ తగ్గితే గోధుమ రంగులోకి దిగిపోతాయి. మంచును తెల్లగా ఉంచగలిగితే ఆ ఎరుపు తనంతట తానే తేటపడుతుంది. రంగుల ఛాయను సరిచేసే వైట్ బ్యాలెన్సును ఎండకు తగిన అమరికలో స్థిరంగా ఉంచుతాను, ఎందుకంటే మంచు మీది నీడల్లో కనిపించే నీలం ఆకాశం నుంచి వచ్చినది, దాన్ని తుడిచేయడం న్యాయం కాదు.

ఈ కెమెరాను మైనస్ 10 డిగ్రీల వరకు వాడవచ్చని తయారీదారు చెబుతారు. తీరంలో సముద్రం చలిని అదుపులో ఉంచుతుంది కాబట్టి ఆ హద్దు దాటే రోజులు తక్కువ. లోపలి పల్లెల్లో తెల్లవారుజామున తేలికగా దాటుతుంది. లిథియం అయాన్ బ్యాటరీలో రసాయన చర్య చలికి మందగిస్తుంది, ఏ కంపెనీదైనా ఇంతే. ఖాళీ అయినట్టు కనిపించిన బ్యాటరీని లోపలి జేబులో ఒంటి వేడికి కాసేపు ఉంచితే మళ్లీ కొంత పనిచేస్తుంది. దీని ఎన్‌పీ-డబ్ల్యూ126ఎస్ బ్యాటరీ చిన్నది కనుక అదనంగా రెండు మూడు తప్పనిసరి. ఇంట్లోకి వచ్చేముందు కెమెరాను సంచిలో బిగించి, గది వేడికి అది నెమ్మదిగా చేరుకునేదాకా తెరవకూడదు. లేకపోతే లెన్సు మీద, లోపల కూడా తేమ చేరుతుంది.

అయినా పశ్చిమ తీరంలో చలి కన్నా ఉప్పే పెద్ద శత్రువు. ఉత్తరాన బోత్నియా సింధుశాఖలో నీరు ఎంత తక్కువ ఉప్పదనంతో ఉంటుందంటే శీతాకాలంలో సముద్రమే గడ్డకడుతుంది. ఈ పశ్చిమ తీరాన్ని తాకే స్కాగెరాక్ సముద్ర జలాలు అలా కావు, తుంపర ఆరినచోటల్లా తెల్లటి పొర మిగులుతుంది. ప్రతి సాయంత్రం మంచినీటితో తడిపిన గుడ్డతో కెమెరాను, ట్రైపాడ్ కాళ్లను తుడుస్తాను. ఇన్నాళ్లకూ డయళ్లు బిగుసుకుపోలేదు, మూతల రబ్బరు చెడలేదు. ఇక్కడ ఆటుపోట్లు చాలా స్వల్పం, నీటిమట్టాన్ని ఎక్కువగా గాలి, వాయుపీడనం మారుస్తాయి. నీటి అంచున బండ మీద నల్లగా కనిపించే నాచు పట్టీ మీద ఎన్నడూ కాలు పెట్టకండి.

ఈ కెమెరాలో గానీ, పైన చెప్పిన లెన్సులో గానీ కుదుపును తగ్గించే ఏర్పాటు లేదు. ట్రైపాడ్ మోయడానికి సిద్ధపడేవారికి అది లోటుగా అనిపించదు, నాకు అనిపించలేదు. చేత్తో పట్టుకునే తీయాలనుకునేవారు ఆ ఏర్పాటుతో పాటు ఇవే డయళ్లు, మూడు వైపులా వంగే తెర ఉన్న ఎక్స్-టీ5 వైపు చూడడం మంచిది. ఎక్స్-టీ3ని వాడినదిగా కొనేవారు ముందు పక్క మూతల రబ్బరును, లెన్సు అమరే లోహపు వలయాన్ని, డయళ్ల మీది తాళపు బొత్తాలను పరీక్షించండి. ఉప్పు పట్టిన గుర్తులు మొదట అక్కడే బయటపడతాయి.