గీతాంజలి పక్కన ఇంకో ఇళయరాజా

ఇళయరాజా సంగీతమిచ్చిన 1989 నాటి గీతాంజలి సినిమా క్యాసెట్ మా ఇంట్లో ఇంకా ఉంది. టేపు చిక్కుకున్నప్పుడల్లా నాన్న పెన్సిల్ దూర్చి తిప్పేవారు. వేటూరి రాసిన ‘ఆమని పాడవే హాయిగా’ బాలు గొంతులో ఎన్ని వందల సార్లు విన్నానో! అయినా నాకు ‘ఓం నమః’ అంటేనే ప్రాణం. అందులో గుండె చప్పుడే తాళం. దాని మీద జానకి గొంతు మెల్లగా వచ్చి వాలుతుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. ఫోన్ స్పీకర్లో ఆ చప్పుడు సగం పోతుంది.

ఇన్నేళ్లూ ఇళయరాజా అంటే సినిమా పాటలే అనుకున్నాను. పోయిన నెలే ‘హౌ టు నేమ్ ఇట్’ విన్నాను. 1986లో వచ్చిన ఆల్బమ్. మాటల్లేవు, అంతా వాద్యాలే. త్యాగరాజస్వామికీ, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతకారుడు బాఖ్‌కీ అంకితమిచ్చారు. ‘ఐ మెట్ బాఖ్ ఇన్ మై హౌస్’ మొదలైనప్పుడు గిన్నెలు తోముతున్నాను. బాఖ్ స్వరాలు గబగబా పరుగెడుతుంటే, పైన వి.ఎస్. నరసింహన్ వయొలిన్ మన గమకాలతో సాగుతోంది. కుళాయి కట్టేసి, తడి చేతులతోనే అలా నిలబడిపోయాను.

పల్లవి కోసం ఎదురుచూసే చెవికి మొదట కొంచెం కష్టమే. నాకు మూడోసారికి గానీ పట్టుబడలేదు. ఇప్పుడు మాత్రం పొద్దున కాఫీతో రోజూ అదే.