సీ లాంచ్: సముద్రం మీద రాకెట్ సర్వీసు, మళ్లీ లేస్తుందా?

సర్వీసుగా చూస్తే ఆలోచన అద్భుతం. అమెరికాలోని లాంగ్ బీచ్ రేవులో రాకెట్‌ని ఓడెక్కించి, పసిఫిక్‌లో సరిగ్గా భూమధ్యరేఖ దగ్గరికి తీసుకెళ్లి ఒడిస్సీ అనే తేలే ప్రయోగ ప్లాట్‌ఫామ్ మీద నిలబెట్టేవారు. సిబ్బందంతా పక్క ఓడలోకి వెళ్లిపోయాక ఇంధనం నింపడం కూడా ఆటోమేటిక్‌గానే జరిగేది. అక్కడ భూమి తిరిగే వేగం బాగా కలిసొస్తుంది కాబట్టి అదే రాకెట్ ఇంకాస్త బరువు మోస్తుంది. 1999 నుంచి 2014 దాకా 36 ప్రయోగాలు. 2007లో పేలుడు, 2009లో దివాలా, అయినా తట్టుకుని లేచింది, నాకు బాగా నచ్చింది అదే.

అసలు చిక్కు వీళ్లు వాడిన జెనిట్ రాకెట్‌తోనే. తయారీ ఉక్రెయిన్‌ది, ఇంజిన్ రష్యాది, ఇప్పుడు ఆ రెండింటి మధ్యా యుద్ధం! రష్యా కంపెనీ ఎస్7 కొన్న ఆ ప్లాట్‌ఫామ్, పక్క ఓడ 2020లో రష్యా తూర్పు తీరంలోని స్లావ్యాంకా రేవు చేరాయి. ఇంత మంచి ప్లాట్‌ఫామ్ రాకెట్ లేక ఖాళీగా ఉంటే కడుపు తరుక్కుపోతోంది. ఐడియాకి 5 స్టార్లు, భవిష్యత్తుకి ఒక్కటే.